నల్ల బాతు ఇంకా లేవలేదు

మంచినీళ్లపేట,
ఆదివారం మధ్యాహ్నం.

ఉమకు,

నేను, అమ్మ, పావని ఇక్కడ కులాసాగా ఉన్నాం. నువ్వు అక్కడ రొయ్యల కంపెనీలో వేళకు తిని, మంచుకు చేతులు మొద్దుబారకుండా, ఒంట్లో బాగున్నావనే అనుకుంటున్నాను. నీతో పాటే పనిచేసే కుమారి సెలవుకొచ్చి నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఇస్తూ అది నవ్విన నవ్వు నువ్వు చూడాలి. "ఇద్దరి సేతుల్లోనూ ఫోన్లుండగా ఈ ఉత్తరాలేటి మావా? కొత్తగా పెళ్లయినోళ్లేటి మీరు?" అని వీధి వీధంతా వినపడేలా అడిగింది.

నువ్వు రాసింది నిజమే. ఫోనులో నువ్వు పది అడిగితే నేను ఆ, ఊ అని పావనికి ఇచ్చేస్తాను. ఏం చెయ్యను? నీ గదిలో అంతమంది ఆడవాళ్లు, ఇక్కడ నా పక్కనే అమ్మ. మొగుడూ పెళ్లాల మాటలు అందరి మధ్యా నోట్లోంచి ఎలా వస్తాయి? "నోటితో సెప్పలేకపోతే కాగితం మీదైనా రాయి బావా, పదో తరగతి దాకా సదివినావు కదా" అని ఎత్తిపొడిచావు. సరే, పావని దగ్గర నాలుగు కాగితాలు అడుక్కుని కూర్చున్నాను. నా రాత చూసి నవ్వకు. కుమారి సాయంత్రం పలాసలో రైలెక్కుతుంది. దాని ఆటో వచ్చేలోగా ముగించాలి.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. అమ్మ మోకాళ్లకు టెక్కలి డాక్టరు ఇచ్చిన మందు పనిచేస్తోంది. కింద కూర్చోవద్దమ్మా అంటే మాత్రం వినదు, చేపలు కోసేటప్పుడు కుర్చీ ఎక్కి కూర్చుంటానా అని నా మీదికి వస్తుంది. పావని బాగానే చదువుతోంది. జడలు వెయ్యడం నాకు ఇంకా సరిగా రాలేదు. ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తున్నాయట. బడిలో అందరూ నవ్వుతున్నారని ఇప్పుడు రాజులమ్మ పిన్ని దగ్గరికి వెళ్లి వేయించుకుంటోంది.

ఇక నీ బాతుల సంగతి. నా గురించి ఒక ముక్క అడిగి, వాటి గురించి పేజీ నిండా అడిగావు. కోపం రాలేదులే. కోటబొమ్మాళి సంతలో నువ్వు వాటిని బేరమాడి కొన్న రోజున, వీటి అరుపులకు చెవులు పోతాయని సణిగింది నేనే. ఇప్పుడు పొద్దున లేస్తే తవుడూ నూకలూ కలిపేదీ, నత్తలు ఏరి తెచ్చేదీ నేనే. తెల్లవి ఎప్పటిలాగే నడుస్తూ నడుస్తూ ఎక్కడ పడితే అక్కడ గుడ్డు పెట్టేసి వెనక్కి తిరిగి కూడా చూడవు. పొదగడం వాటి ఒంట్లోనే లేదు. ఎర్ర మొహం నల్లది వేరు. నువ్వు వెళ్లిన కొద్దిరోజులకే కొబ్బరి కమ్మల కుప్ప కిందికి దూరి, రొమ్ము మీద ఈకలు పీక్కుని మెత్తగా పరుచుకుని గుడ్ల మీద కూర్చుంది. ఎవరైనా దగ్గరికి వెళితే బుస్సుమనేది.

అమ్మకు అది నచ్చలేదు. వానల్లో పిల్లలు దిగితే బతకవని ఆమె భయం. "కోడిని లేపినట్టే లేపాల. అట్టుకెళ్లి నీళ్లలో ముంచీరా, ఆ వేడి దిగిపోద్ది" అంది. నేనూ బుద్ధిమంతుడిలా దాన్ని చంకలో పెట్టుకుని పెరటి వెనక మడుగులో ముంచాను. అది బాతు అన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు! అది హాయిగా మునిగింది, తేలింది, రెక్కలు కడుక్కుంది, మడుగంతా ఒక చుట్టు కొట్టింది. ఆ తడి ఒంటితో నాకంటే ముందు ఇంటికొచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చుంది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మ, దీనికి తలంటు పోసి తెచ్చినావేట్రా!" అంటూ. తరవాత ముక్కులో ఈక గుచ్చమంది. కోళ్లకు గుచ్చుతారు కదా. అది నా వల్ల కాదన్నాను. సరే, కూర్చోనీ అని వదిలేశాం.

సరిగ్గా అప్పుడే చేపల వేట నిషేధం ఎత్తేశారు. ఊళ్లో తెప్పలన్నీ సముద్రం మీదికి వెళ్లాయి. నీ తమ్ముడు ఢిల్లీరావు ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నా కోసం వచ్చాడు. "బాతు గుడ్ల మీదుంది ఢిల్లీ. కుక్కలు తిరుగుతన్నాయి, ముంగిసలు తిరుగుతన్నాయి. అమ్మ పరిగెత్తలేదు, పావని బడికెళిపోద్ది. పిల్లలు దిగినాక వత్తాను" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "సర్లే బావా" అని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. "బావా, బాతు లేసిందేటి?" "ఇంకా లేవలేదు." ఇక రోజూ వాడు అదే అడగడం, నేను అదే చెప్పడం. ఊళ్లో నాకు బాతుల నీలకంఠం అని పేరు కూడా పెట్టేశారు. నీకూ ఫోనులో బాతు సంగతే చెప్పాను. నువ్వేమీ తెలివితక్కువదానివి కాదు. "ఒక్క బాతు ఇన్నాళ్లు పొదుగుతాదేటి బావా? తెప్ప ఎప్పుడెక్కుతావు?" అని ఉత్తరం చివర అడిగావు. దానికి జవాబు రాయడానికే ఇంతసేపూ ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

ముందు ఒక మంచి కబురు విను. బాతు పిల్లలు దిగాయి. కానీ నల్లదాని కింద కాదు, అప్పుడే పొదుగుతున్న అమ్మ కోడిపెట్ట కింద. పసుపుపచ్చగా ఉన్నాయి. కోడిపెట్ట వాటిని వెంటేసుకుని పెరడంతా గీరి చూపిస్తుంది, అవి గీరవు. మడుగు కనపడగానే బుడుంగుమని దూకేస్తాయి. అది గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ గోల. పావని దాన్ని ఎత్తుకుని, "అవి సావవే, ఈదుతాయే" అని సముదాయిస్తుంది.

ఆ గుడ్లు కోడి కిందికి ఎలా వెళ్లాయని అడుగుతావు. నల్లది గుడ్లు తొక్కేస్తోందని అమ్మకు చెప్పాను. అబద్ధం ఉమా. అది ఏ ఒక్క గుడ్డునూ తొక్కలేదు. ఒకనాడు సాయంత్రం నీళ్లు పెడదామని వంగితే గుడ్ల లోపల్నించి కిచకిచలు వినిపించాయి. అది కూడా గొంతు తగ్గించి వాటితో ఏదో మాట్లాడుతోంది. విన్న ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు మాత్రం తెప్ప గుర్తొచ్చింది. పిల్లలు దిగితే బాతు లేస్తుంది. బాతు లేస్తే నేను తెప్ప ఎక్కాలి. అది నా చెయ్యి పొడుస్తున్నా, రెక్కలతో కొడుతున్నా ఆ గుడ్లు తీసేసి కోడి కింద పెట్టి, తెల్లవాటి గుడ్లు తెచ్చి దాని కింద పెట్టాను. పాపం, అది మళ్లీ మొదటి నుంచి పొదగడం మొదలుపెట్టింది.

నిషేధానికి ముందు తెప్ప తిరగబడిన సంగతి నీకు సగమే చెప్పాం. కెరటం ఎత్తేసింది, ఒడ్డుకు ఈదుకొచ్చాం అన్నాం. నేను ఈదలేదు. తెప్ప కింద ఉండిపోయాను, కాలికి వల చుట్టుకుంది. పైకి ఏదో, కిందికి ఏదో తెలియలేదు. నీ పేరు పిలుద్దామని నోరు తెరిస్తే నోటి నిండా నీళ్లు. ఢిల్లీరావు నా కాలు దొరకబుచ్చుకుని లాగాడు. నువ్వు భయపడతావని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. అప్పటి నుంచి తల మీద చెంబుడు నీళ్లు పోసుకున్నా నాకు ఊపిరి ఆగిపోతుంది. తడిగుడ్డతో తల తుడుచుకుని స్నానం అయిందనిపిస్తున్నాను. ఉమా, నాకు సముద్రమంటే భయం పట్టుకుంది. మా తాత, మా నాన్న బతికిన సముద్రం. ఈ మాట ఎవరితో అనగలను? నువ్వు అక్కడ చన్నీళ్లలో నిలబడి రొయ్యలు ఒలుస్తుంటే, నేను ఇక్కడ ఒక బాతు వెనక దాక్కున్నాను. సిగ్గుగా ఉంది.

మొన్న పావని, "నాన్నా, నల్లదానికి పిల్లలెప్పుడు దిగుతాయి? కోడికే దిగుతాయేటి?" అని అడిగింది. వెళ్లి బాతును రెండు చేతులతో ఎత్తాను. బరువే లేదు. చేతికి రొమ్ము ఎముక తగిలింది. తిండికి కూడా లేవడం మానేసింది కాబోలు, నేనేమో పట్టించుకోలేదు. అది బుస కొట్టలేదు, పొడవలేదు, మెడ వాల్చేసింది. అక్కడే కూలబడి ఏడ్చాను. నేను తెప్ప ఎక్కకుండా ఉండటానికి అది చచ్చిపోయేది.

గుడ్లు తీసేశాను, కమ్మలన్నీ లాగేశాను. అది నెమ్మదిగా నడిచి వచ్చి, గుడ్లు లేని ఆ ఒట్టి నేల మీదే కూర్చుంది. ఎన్నిసార్లు ఎత్తినా అక్కడికే వచ్చింది. చివరికి అమ్మ పెద్ద వెదురు బుట్టను ఇటుకల మీద పెట్టి, పడుకోవడానికి మెత్తగా ఏమీ వేయకుండా, కింద నుంచి గాలి తగిలేలా అందులో ఉంచింది. నానిన నూకలు నేనే చేత్తో పెడుతున్నాను. నిన్నంతా మొహం తిప్పుకుంది. ఈ పొద్దున తింది. పిల్లల దగ్గరికి వదిలి చూశాను గానీ కోడిపెట్ట దాని మీద పడి పొడుస్తోంది. దాని పిల్లలు దానికి దక్కకుండా చేశాను. దీనికి నన్ను ఎంత తిట్టినా పడతాను.

ఇంతవరకు రాసేసరికి ఢిల్లీరావు వచ్చాడు. రాయడం ఆపి లేచాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కూరకని కానాగంత చేపలు తెచ్చాడు. బుట్టకేసి చూసి, "బావా, బాతు లేసిందేటి?" అన్నాడు.

"లేసింది."

"మరి రేపొత్తావా?"

నీకు రాసిన వేడి మీద ఉన్నానేమో, ఆగలేకపోయాను. "రాలేను ఢిల్లీ. బాతు వల్ల కాదు, ఏ రోజూ బాతు వల్ల కాదు. నాకు భయమేత్తంది" అనేశాను.

నవ్వుతాడనుకున్నాను. చేపలు కింద పెట్టి అరుగు మీద కూర్చుండిపోయాడు. "నీ కాలు ఒకపాలి నా సేతిలోంచి జారిపోనాది బావా. నీకు తెలీదు. రెండోపాలి దొరికినాది. దొరక్కపోతే అక్కకేటి సెప్పేవోడిని? ఇప్పటికీ కెరటాల కాడికొత్తే తెప్ప అంచు గట్టిగా అట్టుకుంటాను. రోజూ వచ్చి అడుగుతన్నది నిన్ను పనిలోకి లాగడానికనుకున్నావేటి? ఒక్కడినీ ఎల్లాలంటే నాకు భయం. నువ్వెదురుగా కూకుంటే నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుత్తాది. ఈ మాట ఎవులికి సెప్పుకోను?" అన్నాడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నేను వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఇద్దరం భయపడుతూనే ఉన్నాం. రోజూ కలుసుకుని బాతు గురించి మాట్లాడుకున్నాం.

రేపు పొద్దున వాడితో ఒడ్డుకు వెళ్తున్నాను. తెప్పను కెరటాల్లోకి తోసేదాకా పక్కనే ఉంటాను. ఎక్కుతానో లేదో నాకే తెలియదు. ఎక్కితే మెచ్చుకోకు, ఎక్కకపోతే ధైర్యం చెప్పకు. రెండింటికీ నాకు ఏడుపొస్తుంది. అమ్మకు కూడా ఈ రోజే చెబుతాను. ఇక వేటకు పనికిరానని తేలితే, పలాసలో జీడిపప్పు పనిలోనైనా చేరతాను గానీ, ఇంకెవరి వెనకా దాక్కోను.

ఆటో వచ్చింది, కుమారి కేకలు పెడుతోంది. ఇది గదిలో అందరి ముందూ చదవకు. ఒక్కదానివే కూర్చుని చదువు. నీ మొగుడు పిరికివాడని ఒకసారి నీ మనసులో అనుకో. అనుకున్నాక కూడా నేను నీకు కావాలనిపిస్తే, దసరాకు నువ్వు వచ్చినప్పుడు నా తల మీద ఒక చెంబుడు నీళ్లు నీ చేత్తో పొయ్యి.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
నీ బావ
నీలకంఠం