నల్లబల్ల మీద చంద్రోదయం

అక్టోబర్ 8

షెఫాలి పొద్దున పడవకి కలకత్తా వెళ్ళింది. నిన్న లక్ష్మీపూజకి కొబ్బరి లడ్డూలు చుట్టింది, ఇవాళ వెళ్ళే ముందు నల్లబల్ల రాసి మరీ వెళ్ళింది. పాడ్యమి, చంద్రోదయం ఇన్నింటికి, పోటు ఇన్నింటికి. మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా మా టీకొట్టు ముందు ఆ బల్ల తనదే. పడవ నడిపే వాళ్ళ నాన్న నేర్పిన లెక్క. ఈ రేవులో ఎవరైనా అది చూశాకే తాడు విప్పుతారు. టీ నాది, చంద్రుడు తనది.

పొలంలోకి ఉప్పునీళ్ళు వచ్చాక ఇంకేం చేస్తాం. ఎవరో ముసలమ్మని చూసుకోవాలట, ఐదో అంతస్తు. వచ్చే పూర్ణిమకి ఒక్కరోజు లీవ్ మీద వస్తానంది. అమావాస్య దాకా తిథులు కాగితం మీద రాసిచ్చింది. తర్వాతవి ఫోన్ చేసి అడగమంది. పంచాంగం తన సంచిలోనే ఉంది.

అక్టోబర్ 10

నలభై కప్పుల టీ అమ్మాను. నేను తాగలేదు. నాది ఎప్పుడూ తనే పెట్టేది.

రాత్రి ఫోన్ చేసింది. అక్కడ కిటికీకి ఎదురుగా పెద్ద బిల్డింగ్ ఉందట. చంద్రుడు దాన్ని ఎక్కి, నీళ్ళ ట్యాంక్ దాటి వచ్చేసరికి గంట పైనే పడుతుందట. పట్నంలో చంద్రుడికి కూడా లిఫ్ట్ దొరకదు అని నవ్వింది.

అక్టోబర్ 14

మిట్టమధ్యాహ్నం పడమట సగం చంద్రుడు, టీలో నానిన బిస్కెట్టులా. పడవ హారాన్‌కి చూపించా. వదిన వెళ్ళి వారం కాలేదు, అప్పుడే ఆకాశంతో కబుర్లా దాదా, అన్నాడు.

అక్టోబర్ 21

అమావాస్య. కాళీపూజ. రేవంతా దీపాలు.

ఇంకో ఆరు నెలలు ఉండమని ఆ ఇంటివాళ్ళంటే షెఫాలి సరేనందట. నన్ను అడగలేదు. సరేనన్నాక చెప్పింది. అయితే అక్కడే ఉండు, తిథులు నేనే చూసుకుంటా, నీ ఫోన్ అక్కర్లేదు అన్నా. పూర్ణిమకి మాత్రం వస్తా, వేళకి తిను అంది. కట్ చేశా.

అక్టోబర్ 22

కాగితం అయిపోయింది. సొంతంగా పాడ్యమి రాశా. ఇందులో ఏముంది. రోజుకో తిథి, పోటు రోజుకి రెండు ఘడియలు, అంటే ముప్పావుగంట, ఆలస్యం. వేళ్ళు చాలు.

అక్టోబర్ 30

నవమి. వదిన బల్ల మీద బొమ్మ గీస్తే చంద్రుడు చంద్రుడిలా ఉండేవాడు, నువ్వు గీస్తే కప్పలా ఉన్నాడు అని హారాన్ వెక్కిరింత. అయినా నా బల్ల చూసే వెళ్తున్నాడు.

షెఫాలి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

నవంబర్ 2

ద్వాదశి. ఫోన్ తీశా, మళ్ళీ జేబులో పెట్టేశా.

నవంబర్ 5, సాయంత్రం

పూర్ణిమ. గడ్డం గీసుకున్నా. ఆవపిండి పెట్టి చేపలు వండా. హారాన్ పడవలోంచి అందరూ దిగారు. తను లేదు.

ఎండ ఇంకా ఉండగానే చంద్రుడు పైకొచ్చేశాడు. కింద ఒకపక్క కాస్త నొక్కినట్టున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నా. అలాగే ఉన్నాడు.

మాటిచ్చి రాలేదు. చేపలు పిల్లి తింది.

నవంబర్ 7, పొద్దున

నిన్నటిది రాయాలి.

రెండున్నరకి హారాన్ ఫోన్. కాలువ మొగలో బురదలో దిగబడ్డాడట. బల్ల మీద పావు తక్కువ మూడు దాకా నీళ్ళున్నాయని నువ్వే రాశావు కదా, ఆ బల్ల పొయ్యిలో పెట్టుకో అన్నాడు. తర్వాత, వదిన ఇక్కడే ఉంది, మాట్లాడు అన్నాడు.

కట్ట మీదికి పరిగెత్తా. పడవ ఒరిగి ఉంది. పన్నెండుమంది, రెండు మేకలు, షెఫాలి. మధ్యలో రెండు వందల బారల బురద. కాలు పెడితే నడుం దాకా దిగుతుంది.

షెఫాలి ఫోన్లో, ఇవాళ ఏం తిథి రాశావని అడిగింది. పాడ్యమి అన్నా. ఏకాదశి మర్నాడు ఏం రాశావంది. ద్వాదశి, ఇంకేం రాస్తారు అన్నా. ఈసారి రెండు సూర్యోదయాలకీ ఏకాదశే ఉందయ్యా, ఇవాళే పూర్ణిమ, నువ్వొక తిథి ముందుకెళ్ళి పోటు ముప్పావుగంట ఆలస్యంగా రాశావు అంది. ఏటా ఈ ఏకాదశికి తను ఉపవాసం ఉంటుంది. ఇంట్లో ఉండి ఉంటే రెండు రోజులు పొయ్యి వెలిగేది కాదు, నాకు తెలిసేది. ఈసారి రెండు రోజులూ అన్నం వండుకుని తిన్నా.

తప్పు నాదే, హారాన్‌ది కాదు అని కట్ట మీంచి గట్టిగా అరిచా. ఒకావిడ అక్కడినుంచే, టీ కాచుకో, మా ప్రాణాలెందుకు తీస్తావు అంది. మేకలు కూడా నన్నే తిడుతున్నట్టనిపించింది.

సూర్యుడు ఇటు దిగుతుంటే అటు చంద్రుడు లేచాడు. గుండ్రంగా. ఫోన్లో, నిన్న ఇలాగే ఉన్నాడా అంది. కాస్త నొక్కినట్టున్నాడన్నా. చూసి కూడా బల్లనే నమ్మావా అంది. నెల తర్వాత ఇవాళే చంద్రుణ్ణి వేళకి చూశా అంది. ఇద్దరం ఫోన్ చెవిన పెట్టుకుని ఊరికే నిలబడ్డాం.

ఎనిమిదికి నీళ్ళొచ్చాయి. షెఫాలి దిగి ఇంటి వైపు వెళ్ళలేదు. తిన్నగా బల్ల దగ్గరికెళ్ళి, కొంగుతో నా పాడ్యమి తుడిచి పూర్ణిమ అని రాసింది. పోటు టైమ్ కూడా దిద్దింది. అప్పుడు నాకు టీ పెట్టింది.

తను ఈరోజు డ్యూటీకి ఉండాలి. తెల్లారుజామున కాలువలో నీళ్ళుండవు, కాబట్టి రాత్రి పదకొండు పడవే. ఉన్న ఒక్కరోజులో మాకు మిగిలింది మూడు గంటలు. ఆరు నెలలకి సరేననే ముందు నన్నెందుకు అడగలేదన్నా. బల్ల రాసే ముందు నువ్వు నన్నడిగావా అంది. రెండో కప్పు కూడా పోసింది.

పడవెక్కాక పంచాంగం నా చేతికిచ్చింది. తీసుకోలేదు. నువ్వే ఉంచుకో, రోజూ ఫోన్ చేసి అడుగుతా అన్నా.

నవంబర్ 8

విదియ. అడిగి రాశా.

చంద్రోదయం 6:36. దాని కింద, 7:45.

రెండోది ఏ రేవుది దాదా అన్నాడు హారాన్. దానికి పడవ నడవదు, లిఫ్టూ లేదు, నువ్వు పైది చూసుకో అన్నా.