దీపాలకు కట్టిన పాతచీర

నందిగామ, పుష్యమాసం.

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన కారు దీపాలకు పసుపు గుడ్డలతో తిరిగొచ్చిందని డ్రైవరును కేకలెయ్యకండి. అది నా నిర్వాకం.

మీ కోడలికి నొప్పులొచ్చేసరికి జగ్గయ్యపేటంతా మంచు కప్పేసింది. మంచులో పసుప్పచ్చ వెలుగు బాగా పారుతుందని ఎప్పుడో చదివాను. చదివినవన్నీ చేసి చూడటం నా జబ్బు. చేతికందిన పాతచీర చింపి, పసుపులో ముంచి దీపాలకు కట్టి, నందిగామ ఆసుపత్రికి బయల్దేరదీశాను. సగం వెలుగు గుడ్డే మింగేసింది.

దారిలో చిల్లకల్లు ఆడవాళ్లు ఆ పసుపు వెలుగు చూసి, జగ్గయ్యపేటలో రంగులేయించుకుని గుడికి తిరిగొచ్చే తిరుపతమ్మ తల్లి బండి అనుకుని బిందెలతో ఎదురొచ్చి నీళ్లు పోశారు.

“తల్లి కాదమ్మా, పురిటికి పోతున్న నా కూతురు” అన్నాను.

“అయితే కబుర్లేంటి బాబాయ్, పద!” అంటూ ఒకావిడ లాంతరు పట్టుకుని మంచు విడేదాకా ముందు నడిచింది.

ఆ గుడ్డలు వెంటనే పంపించండి. ఆ చీర పుట్టే బిడ్డకు పొత్తిగుడ్డలకని మా ఆవిడ దాచిందట. తల్లి కులాసా. మీ మనవరాలు ప్రస్తుతం మా ఆవిడ పట్టుచీరలో నిద్రపోతోంది.