చిట్టి ఎవరి మాట వింటుందో

నలభై ఏళ్లు లేత్ మెషిన్ మీద బతికిన నేను, మోకాళ్లు తప్ప అన్నీ సవ్యంగా ఉన్న స్థితిలో, ఒకరి బలవంతం గానీ ప్రలోభం గానీ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి డాక్టరు రాసిచ్చాడు. మా బావమరిది ఒప్పుకోడు, అది వేరే విషయం.

1. నా తదనంతరం ఇల్లు కొడుకులిద్దరికీ చెరిసగం. వీధి గేటుకున్న రెండు గడియల్లో ఒక్కటి కూడా తీయకూడదు.

2. లేత్, దాని పనిముట్లు పెద్దవాడికి. వాడి చెయ్యి నాకన్నా నిదానం. ఈ మాట ఎప్పుడూ వాడి ముఖాన అనలేదు.

3. నా రాట్‌వీలర్ కుక్క చిట్టిని మాత్రం వాడికి ఇవ్వను. ఆరేళ్లది, నలభై ఆరు కిలోలు. షాపు ముందు గొలుసుతో కట్టేసి నలుగురినీ జడిపించాలని వాడి సరదా. "నాన్న మాట విన్నది నా మాట వినదా?" అంటాడు. వాడికా నమ్మకం నా అబద్ధం వల్లే కలిగింది.

4. నిజం ఇది. మూడేళ్ల కిందట కరెంటు మీటరు చూసే ఆయన గేటు దగ్గర ఆగి "కుక్కుందా అండీ?" అన్నాడు. కుక్కల్ని పెంచేవాళ్లందరూ అనే మాటే నేనూ అన్నాను: "ఏమీ చెయ్యదు, రండి." ఆయన మీటరు వైపు చెయ్యెత్తగానే చిట్టి ఆయన కుడి ముంజేయి పట్టేసింది. అరిచాను, లాగాను. లాగినకొద్దీ పట్టు బిగిసింది. మా చిన్నకోడలు లోపల్నుంచి వచ్చి, గొంతు పెంచకుండా "చిట్టీ, వదులు" అంది. వదిలేసింది. రోజూ అన్నం గిన్నె దగ్గర ఆ మాట నేర్పింది తనే. నేను చూసి నవ్వేవాణ్ణి. అడిగినవాళ్లందరికీ నేనే ఆపానని చెప్పుకున్నాను. తను పక్కనే ఉండి "అవునండీ, మామయ్యగారే" అంది. అంత పెద్ద మనసు నాకు లేదు.

5. కాబట్టి చిట్టి మా చిన్నకోడలిది. వీధిలోకి వస్తే మూతికి చిక్కం, చేతిలో పొట్టి తాడు, పిల్లలు బడికి బయల్దేరకముందే నడక. ఆమెకు ఇవి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. మిగతావాళ్లు వినాలని రాయిస్తున్నాను. మనవరాలు చెవి పట్టి లాగినా చిట్టి కిక్కురుమనకుండా లేచి వెళ్లిపోతుంది. అంత బలానికి అంత ఓర్పు నేనెక్కడా చూడలేదు. అయినా ఆ ఓర్పును ఎవరూ పరీక్షించకూడదు. లేత్ దగ్గర లూజు చొక్కా వేసుకున్నవాడు మెషిన్‌ని తిట్టి లాభం లేదు.

6. "సూదేయించి వదిలించుకో బావా" అన్న మా బావమరిదికి చిట్టి పాత చిక్కం. సైజు సరిపోతుంది.

7. మీటరు ఆయన ఆస్పత్రి మంచం మీద "దాన్ని చంపించకండి, గేటుకి ఇంకో గడియ పెట్టించండి" అన్నాడు. ఈ వీలునామాలో ఆయనకూ ఏదైనా రాసిస్తానంటే వద్దన్నాడు. అందుకే సాక్షిగా పిలిచాను. మా ఇంటివాళ్లు కాక జరిగింది చూసినవాడు ఆయనొక్కడే.

అమ్మాయ్, ఇది నలుగురిలో చదివేటప్పుడు నా పరువు నిలబెట్టాలని చూడకు. నువ్వు కాపాడాల్సింది ఊరి నుంచి చిట్టిని, చిట్టి నుంచి ఊరిని. అది ఈ ఇంట్లో ఇంకెవరివల్లా కాదు.

తేదీ: 14 మార్చి 2021, ఆదివారం

(సంతకం) లేత్ తాత

సాక్షులు:
1. పశువుల డాక్టరు
2. మీటరు రీడరు (ఎడమచేత్తో)