రాతి బంగ్లా ముందరి గునుగు మడి

కొత్వాల్‌గూడ నివాసి, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కలుపు నివారణ బోధించి రిటైరైన గడ్డం ఈశ్వరయ్య అనే నేను, డెబ్బై నాలుగో ఏట, సొంత చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గానే ఉంది. లేదని నా కొడుకు శేఖర్ నలుగురిలో అన్నాడు కాబట్టి డాక్టరు సర్టిఫికెట్ జత చేశాను. ఎవరి ఒత్తిడీ లేదు. నా మీద ఒత్తిడి పెట్టగలిగిన ఒక్క మనిషి, నా భార్య రుక్మిణమ్మ, రెండేళ్ల క్రితం పోయింది.

1. మామిడిపల్లిలోని మూడెకరాలు శేఖర్‌కు. అమ్ముకున్నా, ఫంక్షన్ హాలు కట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

2. మా తాత కట్టించిన, మా నాన్న నాకొక్కడికే రాసిచ్చిన రాతి బంగ్లా, దాని తోట నా బిడ్డ సునీతకు. షరతు ఒక్కటే. గేటు నుంచి మెట్ల దాకా ఉన్న పది గుంటల మడిని దున్నకూడదు, మందు కొట్టకూడదు, పెళ్లిళ్ల లాన్ చేయకూడదు. వానలకు అక్కడ గునుగు దానంతటదే మొలుస్తుంది. బతుకమ్మకు ఊరి ఆడపిల్లలు వచ్చి కోసుకుంటారు. ఏ పువ్వు మీద ఏ పువ్వు పేర్చాలో రుక్మిణమ్మ మెట్ల మీద కూర్చుని నేర్పేది. ఇకమీదట సునీత నేర్పాలి. ఉగాదికి ఊరికి వేపపువ్వు పోయేదీ ఈ తోట నుంచే. గేటుకు తాళం వేయకూడదు.

శేఖర్ ఇదివరకే అడిగాడు: "గునుగు కలుపని నువ్వే గద బాపూ సదువు చెప్పినవు?" చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు చెప్పాను. జొన్న చేలో అది కలుపే. ఈ మడిలో జొన్న లేదు.

3. ఇది ఆస్తి కాదు, అయినా రాయాలి. రుక్మిణమ్మ దవాఖానలో ఉన్నప్పుడు, చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఇంటి ముందు శుభ్రంగా ఉండాలని ఆ మడికి మందు కొట్టింది నేనే. అలవాటు. బతుకమ్మకు నాలుగు రోజుల ముందు ఆమె ఇంటికి వచ్చింది. మెట్ల మీద నిలబడి చూసింది. "ఇగ పువ్వు శంషాబాద్‌ల కొనుక్కొద్దాం" అంది, అంతే. కొన్నాం. మరుసటి బతుకమ్మకు ఆమె లేదు.

4. తోట పని చేసే లింగమ్మకు బంగ్లా వెనుక గది, ఆమె బతికినంత కాలం. పొలం గట్ల మీద గునుగు విత్తనం ఏరి, కుండలో దాచి, తొలకరికి ఆ మడిలో చల్లింది ఆమె. నాకు చెప్పలేదు. మొలిచాక అడిగితే, "సారు మందు కొడితే సచ్చేదా గునుగు?" అని నవ్వింది. ఆ నవ్వుకు ఈ గది తక్కువే.

5. బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాళం ఎవరి సొత్తూ కాదు. మెట్ల పక్క గూట్లో ఉంటుంది, కావలసినవాళ్లు వాడుకోవచ్చు. నా మందు పంపు ఎవరికీ రాయడం లేదు. పగలగొట్టాను.

6. అమలు బాధ్యత మా చెల్లెలి కొడుకు శివశంకర్‌ది. శేఖర్ కోర్టుకు పోవచ్చు. పోతే మామిడిపల్లి భూమి కూడా సునీతదే.

7. గునుగు పూత మీద ఉండగా నేను పోతే, ముందరి మడిలో టెంటు వేయకండి, కుర్చీలు పరవకండి. వచ్చినవాళ్లు నిలబడతారు. నన్ను వెనుక దర్వాజ నుంచి తీసుకుపోండి. ఇంటి పెద్దను అట్లా తీసుకుపోవడం అరిష్టమంటారు. అననివ్వండి. ఆ మడిని నేను ఒకసారి పాడు చేసింది చాలు.

కొత్వాల్‌గూడ, 10 సెప్టెంబర్ 2025
(సంతకం) గడ్డం ఈశ్వరయ్య

నా కళ్లముందే సంతకం చేసిన సాక్షులు:
1. సోమయ్య, రైతు, కొత్వాల్‌గూడ
2. శోభ, బడి పంతులమ్మ, శంషాబాద్