కర్రిగాడి వాటా

1927 చైత్రం, మంగళవారం

ఈ ఊరివాళ్లతో వేగడం నావల్ల కాదు. కర్రిగాణ్ణి పాతిపెట్టి తొమ్మిది రోజులైంది. ముసలి కుక్క, పోయింది, నా బడి పని నేను చూసుకుందామంటే ఒక్కరూ ఊరుకోరు. చేలో పందులు పడితే ఇక ఎవరు అరుస్తారని నిన్న ఊట దగ్గర ఆడవాళ్లు నన్నే అడిగారు. నేను అరవాలా?

ఈ సాయంత్రం ఈ ఊరి సుక్రు, కొండవాళ్లు చైత్రంలో చేసే ఇటుకల పండుగ వేట నుంచి వచ్చి, అడ్డాకులో పంది మాంసం తెచ్చి అరుగు మీద పెట్టాడు. వేట కుక్కకు మనిషితో సమానంగా వాటా ఇవ్వడం వీళ్ల పద్ధతి. అసలు లేని కుక్కకు వాటా ఏమిటి?

"కర్రిగాడు చచ్చిపోయాడు కదా, ఇదెవరికి?" అన్నాను.

"నాకేటి తెలుసు బాబూ. పోయినేడు అది సూపించిన మడుగు కాడే పంది దొరికినాది. దాని వాటా దానికి తెచ్చినాను."

తీసుకుపొమ్మన్నాను. కుక్క వాటా వెనక్కి పట్టుకుపోతే వచ్చే ఏడు వేట పడదట. చెయ్యి దులుపుకుని వెళ్లిపోయాడు. నేను మాంసం తిననని ఊరంతటికీ తెలుసు. కర్రిగాడికి పళ్లు ఊడిపోయాక రెండేళ్లుగా వాడి వాటా నేనే ముక్కు మూసుకుని సన్నగా తరిగి పెట్టేవాణ్ణని కూడా తెలుసు.

సుక్రునీ వాడి పద్ధతులనీ తిట్టుకుంటూ కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. సగం తరిగాక గాని గుర్తు రాలేదు, తినేవాడు లేడని.