గ్రైండర్‌కు పట్టిన జిడ్డు

మార్కాపురం,
మార్చి 10.

విజయవాడలో కాఫీ మిషన్ల సర్వీసు చూసే వెంకటేశ్వర్లు గారికి మణెమ్మ వందనాలు.

మీ దగ్గర కొన్న ఎస్‌ప్రెసో మిషన్ బాగుంది. దానితో ఇచ్చిన గింజల గ్రైండర్ బాగాలేదు. పొడి రాలడం లేదు, ముద్ద పడుతోంది. కాఫీ చుక్క చుక్కగా దిగుతోంది. ఆ చుక్కల కోసం నిలబడే ఓపిక బస్టాండులో ఎవరికీ లేదు.

బస్టాండులోని ఈ దుకాణం మా చెల్లెలు రేచల్‌ది. ఎనిమిదేళ్లు బెంగళూరులో ఒకరి కాఫీ షాపులో పనిచేసి, ఇప్పుడు సొంతంగా పెట్టుకుంది. షెట్టరు యజమాని పుల్లారావు గారు నిన్న వచ్చారు. "ఏందమ్మా, మిషన్ను చూపించేదానికా దుకాణం పెట్టింది? ఈస్టర్ పోయిన తెల్లారి సోమవారానికి కాఫీ అమ్మకుంటే సెల్‌ఫోన్ కవర్లోళ్లకు ఇచ్చేస్తా" అన్నారు. ఇది పోతే రేచల్ మళ్లీ బెంగళూరు పోయి ఒకరి కప్పులు కడగాలి.

దయచేసి మనిషిని పంపండి.

దేవుని మీద, ఆ తర్వాత మీ మీద భారం వేసి,
మణెమ్మ

తా.క. ఈస్టర్‌కు ముందు శ్రమదినాలు కనుక నలభై రోజులు ఫోను మానుకున్నాను. రేచల్‌కు ఫోనుంది. కానీ మీ వాళ్లతో మాట్లాడితే ముందు ఏడుస్తుంది, తర్వాత తిడుతుంది. అందుకని ఉత్తరం.


విజయవాడ,
మార్చి 17.

మణెమ్మ గారికి వెంకటేశ్వర్లు నమస్కారాలు.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకు చేతిరాత ఉత్తరం రాసిన కస్టమరు మీరొక్కరే. ఆఫీసంతా వచ్చి చూసి పోయారు.

ఇంజనీరు ఒక్కడే, జిల్లాలు ఆరు. మీ వంతు మే నెలలో వస్తుంది. ఈలోగా ఒక మాట. పొడి ముద్ద కడుతోందంటే గింజల్లో నూనె ఎక్కువ. మరీ నల్లగా వేయించిన గింజలు జిడ్డుగా మెరుస్తాయి. అలాంటివి వాడవద్దు. గ్రైండర్ లోపల రోజూ బ్రష్‌తో దులపండి. నీళ్లు మాత్రం తగలనివ్వద్దు.

మీ గ్రైండర్ మేలు కోరే,
వెంకటేశ్వర్లు

తా.క. మీ కవరు మీద నూనె మరక పడి మా ఆఫీసు పేరు చెరిగిపోయింది. పోస్ట్‌మాన్ పక్క బేకరీలో ఇచ్చి పోయాడు.


మార్కాపురం,
మార్చి 31.

వెంకటేశ్వర్లు గారికి మణెమ్మ మరల వందనాలు.

మీరు చెప్పినట్టే గింజలు మార్చాం. సంచిలో ఉన్నప్పుడు మెరవలేదు. గ్రైండర్‌లో పోసిన మర్నాటికి మెరిశాయి. రేచల్ వాటిని దుప్పటి మీద పోసి, పాత చీర ముక్కతో ఒక్కొక్క గింజనూ తుడిచింది. కిలో గింజలకు మూడు రోజులు పట్టింది. మళ్లీ పోశాం. మళ్లీ ముద్ద.

"నువ్వు గింజలు అమ్ముతావా, గానుగ ఆడతావా?" అని రేచల్ గింజలు పంపిన చిక్కమగళూరు రైతును ఫోనులో అడిగింది. ఈసారి ఏడ్చింది ఆయన.

ఇప్పుడు రేచల్ బెంగళూరు బస్సు టైములు అడుగుతోంది. నేను ప్రార్థన పెంచాను. ప్రార్థన పెరిగేకొద్దీ గ్రైండర్ ఇంకా కుంగిపోతోంది. దేవుని చిత్తం నాకు తెలియడం లేదు.

ఏం చేయాలో తోచక,
మణెమ్మ

తా.క. మరక సంగతి. అది పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె. ముఖ్యమైన ప్రతిదానికీ పెడతాను. బేకరీ వారికి నా వందనాలు చెప్పండి.


విజయవాడ,
ఏప్రిల్ 12.

మణెమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నన్ను కుంగదీసింది. కంపెనీకి రాశాను, వాళ్లు మీ నీళ్లది తప్పన్నారు. నీళ్లు గ్రైండర్‌లోకి పోవని రాశాను, అయితే మీ ఊరి ఎండది తప్పన్నారు. ఇక నా వల్ల కాదు. గ్రైండర్‌ను పెట్టెలో కట్టి వెనక్కి పంపండి. కొత్తది రావడానికి రెండు నెలలు. మీ చెల్లెలి ముఖం చూడకపోయినా నాకు సిగ్గుగా ఉంది.

చేతులెత్తేసిన,
వెంకటేశ్వర్లు

తా.క. కవరు అంటించబోతూ మీ తా.క. మళ్లీ చదివాను. అమ్మా, ఒకే ఒక్క ప్రశ్న. గ్రైండర్ ముఖ్యమైనదేనా?


మార్కాపురం,
ఏప్రిల్ 22.

వెంకటేశ్వర్లు గారికి తలవంచుకుని మణెమ్మ వందనాలు.

ముఖ్యమైనదే. అందుకే రోజూ రేచల్ రాకముందే షెట్టరు తీసి, గ్రైండర్ మూత ఎత్తి, ఒక చెంచా పోసి ప్రార్థించేదాన్ని. చెడిపోయిన దగ్గర నుంచి రెండు చెంచాలు. మీరు నూనె, నూనె అని రాస్తూనే ఉన్నారు. దాన్ని నేను ఎన్నడూ నూనె అనుకోలేదు.

మీ ఉత్తరం శనివారం అందింది. రేచల్‌కు చదివి వినిపించాను. స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్ల మీద కూలబడింది. "ఎనిమిదేండ్లు మంది మిషన్లు బాగుచేసినానక్కా. నా మిషన్‌కు శత్రువు మా ఇంట్లోనే ఉండాదా?" అన్నది. ఆ తర్వాత లోపలి పళ్లచక్రాలు విప్పింది. ఇద్దరం చీకటిపడే దాకా జిడ్డు గీకాం.

సోమవారం పుల్లారావు గారు సెల్‌ఫోన్ కవర్ల వాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. గ్రైండర్ తిరిగింది. పొడి పొడిలాగే రాలింది. ఆయన నిలబడే తాగి, కవర్ల వాళ్లకు కూడా చెరొక కప్పు ఇప్పించారు. "సరే, ఇంకో మూణ్ణెల్లు చూస్తా" అన్నారు. అంతవరకే ఇచ్చారు. మేము అదే పట్టుకుని ఉన్నాం.

చిక్కమగళూరు రైతుకు క్షమాపణ ఉత్తరం విడిగా రాస్తున్నాను.

బుద్ధి వచ్చిన,
మణెమ్మ

తా.క. రేచల్ నాకు పని ఇచ్చింది. పాలు కాగిన ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడవాలి. "నోటితో ఎంతైనా ప్రార్థన చేసుకో అక్కా, చేతుల్లో గుడ్డ మాత్రం వదలాకు" అన్నది. నిన్న అరవై నాలుగు సార్లు తుడిచాను.