అమ్మ పాదాలు చల్లబడ్డాయి

తల్లి మీద కోపం గుండెలో పెట్టుకుని ఏ మొహంతో ప్రార్థన చేస్తున్నావురా తమ్ముడూ? నాన్న పోయిన వేళ ఆమె పరాయి రోగి పక్కన ఉందనేగా నీ కోపం! ఊళ్లో దిక్కులేనివాళ్లు ఒంటరిగా పోకూడదని, ఎనభై దాటినా వాళ్ల మంచాల పక్కనే కూర్చుంది. పాదాలు తడిమి, చావెంత దూరంలో ఉందో చెప్పేది. నిన్న తన పాదాలు నాచేత పట్టించి, "చల్లబడ్డాయా?" అంది. "వెచ్చగానే ఉన్నాయమ్మా" అన్నాను. "దేవుడి వాక్యం చెప్పే నోటితో అబద్ధమా, వెధవా! చిన్నాణ్ణి పిలిపించు" అని నవ్వింది. క్షమించనివాడికి క్షమాపణ దొరకదని లేఖనం. మరదలి దగ్గు తగ్గిందా? అమ్మకు ఉన్ని మేజోళ్లు తే. పిల్లలకు దీవెనలు. పోస్టుకు వ్యవధి లేక ఈ కార్డు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆ బస్సు ఇవాళే వెనక్కి వస్తుంది. ఎక్కు.